మధ్యగతం తరగతి దాటిపోయింది!

ప్రశ్న: మాస్టారూ, పదో తరగతి చదువుతున్నాను. 40 మంది మార్కుల లెక్క: 0-10లో 5 మంది, 10-20లో 9, 20-30లో 12, 30-40లో 8, 40-50లో 6. మధ్యగతం (సరిగ్గా మధ్యలో పడే మార్కు) నాకు 15 వస్తోంది, జవాబేమో 25 అట. ఎక్కడ తప్పాను?

జవాబు: 15 చూడగానే అనుమానం రావాలమ్మా. 40లో సగం 20. కింది నుంచి లెక్కపెడితే ఇరవయ్యో వాడు 20-30లోనే ఉన్నాడు, జవాబు దాని బయటికెలా పోతుంది? నువ్వు సంచిత పౌనఃపున్యం, అంటే మొదటి నుంచి కూడుకుంటూ వచ్చిన మొత్తం, 26 (5+9+12) వేసి ఉంటావు. అది 20-30 అనే తరగతిది. కావలసింది పట్టికలో దాని పై వరుసలోని 14 (5+9). 20లోంచి 14 తీస్తే 6. దాన్ని ఆ తరగతిలో ఉన్న 12తో భాగించి, తరగతి పొడవు 10తో గుణిస్తే 5. దిగువ హద్దు 20కి కలిపితే 25.

పదిలో నేనూ ఇక్కడే బోల్తా పడ్డాను. అప్పట్నుంచి పై వరుస అంకె చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టాకే సూత్రం రాస్తాను.