శివారు దాకా నీళ్లు: కొత్త వైస్ ఛాన్సలర్‌కి మేష్టారి ఉత్తరం

అమ్మాయ్,

నీ నియామకం ఉత్తర్వులు వచ్చాయని రిజిస్ట్రార్ గారు ఫోన్ చేసి చెప్పగానే నా కడుపు నిండిపోయింది. సోమవారం నుంచి నలుగురిలో నిన్ను మేడమ్ అనే పిలుస్తాను. ఈ ఉత్తరంలో మాత్రం నువ్వు ఎం.ఎస్సీ. చదివిన రోజుల నాటి పిలుపే ఉండనీ. ఛార్జ్ ఇచ్చేటప్పుడు ఫైళ్లు, తాళాలు ఎలాగూ అప్పగిస్తాను. ఫైళ్లలో కనబడనివి ఇక్కడ రాస్తున్నాను.

నేను వైస్ ఛాన్సలర్‌గా వచ్చేనాటికి మన యూనివర్సిటీలో సగం విభాగాలు అద్దె భవనంలో నడిచేవి. ఇప్పుడు మూడు బ్లాకులు, లైబ్రరీ, రెండు హాస్టళ్లు ఉన్నాయి. వీడ్కోలు సభలో అందరూ ఇవే లెక్కపెట్టారు. సంతోషమే. ఈ బంకమట్టి నేలలో పునాది నిలబెట్టడం ఎంత కష్టమో దగ్గరుండి చూశాను కాబట్టి ఆ గోడలంటే నాకూ ప్రేమే. కానీ నువ్వు డెల్టాలో పుట్టి పెరిగినదానివి. కాలువ ఎలా పారుతోందో ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నిలబడి ఎవరూ చెప్పరు కదా. అక్కడ ఎప్పుడూ నిండుగానే కనిపిస్తుంది. కాలువ చివర ఉండే శివారు రైతుని అడగాలి. ఆనకట్ట 1852లో పూర్తయింది, పది లక్షల ఎకరాల పైచిలుకు ఆయకట్టు దాని కింద ఉంది. ఇన్నేళ్లయినా దాళ్వాకి, అంటే రెండో పంటకి, నీళ్లు చాలక వంతులు పెట్టారంటే ముందు నెర్రెలిచ్చేది శివారు చేలే. మనకి ఆ శివారు అనుబంధ కాలేజీలు. మన పిల్లల్లో ఎక్కువమంది చదివేది అక్కడే. వాళ్ల డిగ్రీ మీద ఉండేది మన ముద్రే.

ఈ సంగతి నాకు మొదటి ఏడాది తలకెక్కలేదు. రెండో ఏడాది జూన్‌లో ఒకరోజు మధ్యాహ్నం భోజనానికి వెళుతుంటే పరీక్షల విభాగం మెట్ల మీద ఒక పిల్ల కూర్చుని ఉంది. ఒళ్లో ప్లాస్టిక్ కవరు, అందులో మార్కుల లిస్టులు. ఏంటమ్మా అని అడిగితే గబుక్కున లేచి నిలబడింది. ప్రొవిజనల్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడింది. దాంతో బి.ఇడి.లో చేరడానికి కుదరలేదు. పొద్దున్నే సఖినేటిపల్లి రేవులో పంటి (మనుషుల్నీ బళ్లనీ గోదావరి దాటించే పడవ) ఎక్కి నరసాపురం దిగి, అక్కడి నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. అలా రావడం అది మూడోసారి. వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక కాగితం తక్కువైందన్నారట. రుసుము కట్టడానికి తెచ్చిన డబ్బులు చేతిరుమాలు కొసన ముడేసి ఉన్నాయి. వాళ్లమ్మ ఆ రోజు కూలి పోగొట్టుకుని తోడు వచ్చి, వేపచెట్టు కింద కూర్చుంది.

ఆ కాగితం నేనే పట్టుకుని తిరిగాను. ఏడు టేబుళ్లు! తప్పు పడింది మన కంప్యూటర్ల దగ్గర, రుసుము కట్టాల్సింది ఆ పిల్ల. ఎవరూ లంచం అడగలేదు, ఎవరూ కసురుకోలేదు. ఎవరి సంతకం వాళ్లు పద్ధతిగానే పెడుతున్నారు. అంతమంది మంచివాళ్ల మధ్య ఆ పిల్ల మూడుసార్లు గోదావరి దాటాల్సి వచ్చింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఏడు టేబుళ్లని రెండు చేశాం. మన తప్పుకి పిల్లల దగ్గర రుసుము తీసుకోవడం మానేశాం. దరఖాస్తు ఎవరి కాలేజీలో వాళ్లు ఇస్తే చాలు. దీనికి గ్రాంటు పైసా అక్కర్లేదు, కానీ ఏడాదిన్నర పట్టింది. నువ్వు రాగానే, పాత పద్ధతే బాగుండేది మేడమ్ అని చెప్పేవాళ్లు వస్తారు. వాళ్లమీద కోపం తెచ్చుకోకు, కానీ ఒప్పుకోకు.

నా పొరపాటు ఒకటుంది, అదీ చెప్పాలి. లేబ్‌కి ఖరీదైన మిషన్ తెప్పించాను. నడిపే టెక్నీషియన్ పోస్టు మంజూరు కాకుండానే తెప్పించాను. రెండు వర్షాకాలాలు అది చెక్కపెట్టెలోనే ఉంది. మన ఉప్పుగాలి సంగతి నీకు తెలుసు, విప్పేసరికి లోపల కనెక్షన్లన్నీ తుప్పు. ముందు మనిషిని చూసుకో, తర్వాతే మిషన్. ఖాళీ పోస్టులు భర్తీ అయ్యేదాకా గెస్ట్ ఫ్యాకల్టీతోనే పాఠాలు నడుస్తాయి. వాళ్ల జీతం ఫైలు ఏ నెలా నీ బల్ల మీద రెండో రోజుకి ఉండిపోకూడదు. పిల్లలకి పాఠం చెబుతున్నది వాళ్లే.

మూడేళ్లలో ఏం చేసి చూపించాలా అన్న టెన్షన్ నీకూ ఉంటుంది. మార్టేరు వరి పరిశోధనా కేంద్రం 1925లో మొదలైంది. మన రైతు 7029 అని పిలుచుకునే స్వర్ణ అక్కడి నుంచి 1982లో వచ్చింది. ఆ వంగడం ఒరిస్సా, బెంగాల్ దాకా పాకింది. మధ్యలో ఎంతమంది ఏ ఫలితమూ చూడకుండా మడుల్లో వంగి పనిచేసి రిటైర్ అయ్యారో! మన ఆక్వా చెరువుల నీటి మీద, కొబ్బరి తెగుళ్ల మీద ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు పరిశోధన మొదలుపెట్టారు. చెప్పుకోవడానికి ఇంకా ఏమీ లేదు. పేపర్లు ఎన్ని వచ్చాయని నెలనెలా వాళ్లని అడగొద్దు. చెరువు గట్టు మీదికి వెళ్లడానికి బండి, డీజిల్ ఇప్పించు చాలు.

గ్రేడు ఇవ్వడానికి వచ్చే న్యాక్ బృందం, స్నాతకోత్సవం, సంఘాల వినతిపత్రాలు ఇవన్నీ రిజిస్ట్రార్ గారికి కొట్టినపిండి. ఆయన మాట విను.

మొదటి నెలలోనే కోనసీమ చివర ఉన్న మన అనుబంధ కాలేజీకి వెళ్లిరా. ముందుగా కబురు పెట్టావంటే పూలదండలు, భోజనాలు మొదలవుతాయి. చెప్పకుండా వెళ్లు. ప్రిన్సిపాల్ గదికంటే ముందు కెమిస్ట్రీ లేబ్‌లో కుళాయి తిప్పి చూడు, ఆడపిల్లల బాత్రూమ్ తలుపుకి గడియ ఉందో లేదో చూడు. పోయిన డిసెంబర్లో లేదు, పెట్టిస్తామన్నారు. పంటి మీద కారు ఎక్కించడం మన డ్రైవర్‌కి బాగా అలవాటే.

ఆశీస్సులతో,
మీ మేష్టారు