పాఠకుల ప్రశ్నలు: సాక్ష్యం చెప్పలేని రోజున

ప్రశ్న: మా సంఘంలో చాలా ఏళ్లుగా ఆరాధనలో పాటలు నడిపిస్తున్నాను. ఏడాదిగా ఒంటరిగా మోకరించినప్పుడు నోట ప్రార్థన రావడం లేదు. అయినా ఎవరు పలకరించినా "దేవుని కృపవలన బాగున్నాను" అంటున్నాను. సాక్ష్యం చెప్పమంటే ఎన్నడో పొందిన మేలును మొన్ననే జరిగినట్టు చెబుతున్నాను. ఇటీవల కాపరిగారు 'నిష్కాపట్యమును సత్యమును' అనే మాటమీద ప్రసంగిస్తుంటే తల ఎత్తలేకపోయాను. సంఘమందరి ముందూ ఒప్పుకోవాలా? పాటలు మానేయాలా?
— పేరు వేయవద్దని కోరిన సోదరి

జవాబు: అందరి ముందూ ఒప్పుకోనక్కరలేదు, పాటలు మానవలసిన పనీ లేదు. ఆ సాక్ష్యాన్ని మాత్రం ఇక అలా చెప్పకండి.

మీరు తల దించుకున్న ఆ మాట మొదటి కొరింథీయుల పత్రిక 5వ అధ్యాయం 8వ వచనంలోనిది. అది ప్రార్థన చేయలేక నలుగుతున్న మనిషిని ఉద్దేశించి రాసినది కాదు. తన తండ్రి భార్యతో ఉంటున్న ఒకణ్ణి తమ మధ్య ఉంచుకొని, అందుకు దుఃఖపడకపోగా ఉప్పొంగుతున్న సంఘాన్ని పౌలు మందలించిన సందర్భమది. యూదుల పస్కా పండుగ సమయాన ఏడు రోజులు ఇంట పులిసిన పిండి ఉండకూడదన్న నియమాన్ని గుర్తుచేసి, 'నిష్కాపట్యమును సత్యమును అను పులియని రొట్టెతో పండుగ ఆచరింతము' అని ఆయన అందరినీ కలుపుకొని అన్నాడు. అందుచేత ఈ వచనం భారాన్ని ఒక్కరి మనస్సాక్షి మీదికి నెట్టడం నాకు సబబుగా తోచదు. "బాగున్నాను" తప్ప మరో జవాబు వినే ఓపిక లేని సంఘం తన బిడ్డలకు తానే నటన నేర్పుతుంది, ఆ తరువాత కపటం మీద ప్రసంగమూ చేస్తుంది.

నిష్కాపట్యము, అంటే కపటం లేకపోవడం, అనే ఈ మాటను వివరించేటప్పుడు పగుళ్లు కనబడకుండా మైనం పూసిన శిల్పాల కథ ఒకటి తరచు చెబుతుంటారు. అది 'సిన్సియర్' అనే ఇంగ్లీషు మాటకు మూలమైన లాటిన్ పదానికి అల్లిన కథ. పౌలు రాసినది గ్రీకులో. ఆయన వాడిన పదానికి కల్తీ లేనిదని అర్థం, మీ సమస్యకు అదే సరిపోతుంది. మీరు పొందిన మేలు నిజమే, దానికి వేసిన తేదీలోనే ఉంది కల్తీ.

అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయంలోని అననీయ, సప్పీరాల సంగతి ఒకసారి నిదానంగా చదవండి. పొలం అమ్మకముందు అది నీదే, అమ్మిన తరువాత ఆ సొమ్మూ నీ వశమందే ఉంది కదా అని పేతురు అననీయను అడిగాడు. అంటే సొమ్ములో కొంత ఉంచుకోవడం అక్కడ నేరం కాదు. కొంతే తెచ్చి అంతా తెచ్చినట్టు కనబడటమే నేరమైంది. మీ విషయంలోనూ గీత అక్కడే గీయాలి. మనసులోని ప్రతి సంగతినీ సంఘం ముందు పరచాలన్న ఆజ్ఞ ఎక్కడా లేదు, లేనిదాన్ని ఉన్నట్టు చెప్పకుంటే చాలు.

పాటల సంగతికి వస్తే, 88వ కీర్తనను తెరవండి. అది మొదటి నుంచీ మొర, ముగిసేది కూడా చీకట్లోనే, చివర ఓదార్పు మాట ఒక్కటీ లేదు. దాన్ని కూడా దేవుని ప్రజలు తమ పాటల్లో చేర్చుకున్నారు. అలాంటి కీర్తనను ఒక ఆరాధనలో చదివి చూడండి. మీలాగే మౌనంగా ఉన్నవారు ఇంకెందరున్నారో తెలిసి ఆశ్చర్యపోతారు. మీ పరిస్థితిని మాత్రం గుట్టు దాచగల ఒక్కరికి చెప్పి, మీకోసం ప్రార్థించమని అడగండి. మళ్లీ సాక్ష్యం అడిగితే, "ఇది చాలా ఏళ్ల క్రితం జరిగింది, ఇప్పుడు ఎదురుచూస్తున్నాను" అని చెప్పి కూర్చోండి.

ప్రశ్న: తోటి విశ్వాసి తప్పు ఒకటి నాకు తెలిసింది. ప్రార్థన కూటంలో దాన్ని 'ప్రార్థన అంశం'గా చెప్పవచ్చునా?

జవాబు: చెప్పకూడదు. మత్తయి సువార్త 18వ అధ్యాయం ప్రకారం మొదట ఆయనను ఒంటరిగా కలవాలి, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకొని వెళ్లాలి, సంఘం వంతు ఆ తరువాతే. కానుకల లెక్కల్లో తేడా అయితే పెద్దలకు వెంటనే తెలియజేయడం మంచిది; పౌలు కూడా చందా సొమ్ము విషయంలో తనమీద నింద రాకుండా ఇతరులను తోడు పెట్టుకున్నాడు. పిల్లలకు హాని జరిగిన సంగతైతే, సంఘం పేరు పోతుందని ఆగక, ఆ రోజే పోలీసులకు చెప్పండి.