టైలింగ్ పెట్టుకునే ముందు

ఎంవీపీ కాలనీ,
విశాఖపట్నం

చిరంజీవి సుధకు,

మావయ్య ఆశీస్సులు. మధురవాడలో మీ ఆఫీసువాళ్లు లినక్స్‌లో విండోలను పలకల్లా పక్కపక్కన పరిచే (దీన్నే టైలింగ్ అంటారు) ఐ3 అనే ప్రోగ్రాం వాడుతున్నారని, ఇంట్లో డెస్క్‌టాప్‌లో నువ్వూ పెట్టుకుంటానని రాశావు. స్క్రీన్‌షాట్లు చూసి మాత్రం నిర్ణయించుకోకు. అవి పెళ్లిచూపులకి సర్దిన ముందుగది లాంటివి.

ముందు నీ చెయ్యి ఎక్కడ ఉంటోందో చూసుకో. టెర్మినల్, ఎడిటర్, బ్రౌజర్ మధ్యే తిరుగుతూ కీబోర్డు వదలకపోతే టైలింగ్ నీకు హాయి. విండోలు ఒకదాని మీద ఒకటి పడవు, తెరను అవే పంచుకుంటాయి. ఫొటోలు దిద్దడమే ఎక్కువైతే చేతిలో మౌస్ ఎలాగూ ఉంటుంది, ఒరిగేదేమీ లేదు. మానిటర్ చిన్నదైనా అంతే. నాలుగు విండోలు పెడితే ఏదీ చదవలేవు.

మీ ఇంట్లో ఉన్నది కుబుంటూ లినక్స్ కదా. దాని డెస్క్‌టాప్ అయిన కేడీఈ ప్లాస్మాలో 5.27 వెర్షన్ నుంచి, అంటే 2023 నుంచి, గడులు గీసుకునే ఏర్పాటు ఉంది. సూపర్ (విండోస్ గుర్తు ఉన్న కీ), టి కలిపి నొక్కి గడులు గీసుకో. షిఫ్ట్ పట్టుకుని విండోను లాగి వదిలితే గడిలో కూర్చుంటుంది. కొన్నాళ్లు ఇలా వాడు. చాలామందికి ఇదే సరిపోతుందని నా అభిప్రాయం.

ఇది చాలక, విండోలు వాటంతటవే సర్దుకోవాలనిపిస్తే అప్పుడు ఐ3. కానీ అది విండోలను మాత్రమే చూసుకుంటుంది. నోటిఫికేషన్లు, బ్లూటూత్, పెన్‌డ్రైవ్ పెట్టగానే తెరుచుకోవడం, అన్నీ నువ్వే ఒక్కొక్కటిగా అమర్చుకోవాలి. తెలుగు టైపు చేసే ఐబస్‌ని మొదలుపెట్టడానికి కూడా ఐ3 అమరికలుండే కాన్ఫిగ్ ఫైల్లో ఒక లైను రాయాల్సి రావచ్చు. ఈ పని సరదాగా అనిపిస్తే సరే, విసుగైతే జోలికి పోకు. ఆఫీసు పని నెత్తి మీదున్న వారంలో అసలే మొదలుపెట్టకు, టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. తెర మీద విండోలను చూపించే కొత్త పద్ధతి వేలాండ్ కావాలంటే, ఐ3 లాంటిదే స్వే ఉంది, ఐ3 కాన్ఫిగే దానికీ పనిచేస్తుంది. ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డుకి వాళ్ల సొంత డ్రైవర్ వాడుతుంటే మాత్రం ఐ3నే నయం.

కేడీఈని తీసెయ్యకు. రెండూ ఉంచి, లాగిన్ దగ్గర ఏది కావాలో ఆ సెషన్ ఎంచుకో. అక్కడ చివరగా వాడిన సెషనే ఉండిపోతుంది. మార్చకుండా లేచావంటే, ఈపీడీసీఎల్ కరెంటు బిల్లు కట్టడానికి కూర్చున్న బావగారు ఖాళీ తెర చూసి నాకు ఫోన్ చేస్తారు.

మొదటిసారి ఐ3, తన షార్ట్‌కట్‌లన్నిటికీ పట్టుకోవాల్సిన మాడ్ కీ ఏదని అడుగుతుంది. విండోస్ గుర్తు ఉన్న కీ ఎంచుకో, ఆల్ట్ అయితే మిగతా ప్రోగ్రాముల షార్ట్‌కట్‌లతో తగువు. దానితో ఎంటర్ నొక్కితే టెర్మినల్, డి నొక్కితే ప్రోగ్రాముల పట్టీ, షిఫ్ట్, ఈ కలిపి నొక్కితే బయటికి. చీటీ మీద రాసి మానిటర్‌కి అంటించు. బావగారికి ఆ మూడోది చాలు.

మీ మావయ్య