అమ్మాయి ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్ అంటోంది, ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్ చదువుతానని పట్టుబట్టింది. చివరికి ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌గా మిగిలిపోతుందేమోనని మా భయం. డేటా సైన్స్ తీసుకోమంటే వినడం లేదు. రెంటిలో ఏది మేలు? – ఒక తండ్రి

జవాబు: కోర్సుల పేర్లు మారుతుంటాయి గానీ నాకొచ్చే ప్రశ్నల్లో టెన్షన్ ఒకటేనండీ: నలుగురిలో మా పిల్ల వెనకబడిపోతుందేమోనని. పేరు చూసి కంగారుపడ్డారు కాబట్టి ముందు ఆ చదువేమిటో చెప్తాను.

మనుషులు, యంత్రాలు, సరుకు, సమయం కలిసి సాగే ఏ పనిలోనైనా వృథా ఎక్కడుందో పట్టుకుని, ఆ పనిని మెరుగ్గా తీర్చిదిద్దడమే ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్. ఈ రంగానికి బాట వేసినవాళ్లలో ఒకరైన ఫ్రాంక్ గిల్‌బ్రెత్ తాపీపనితో జీవితం మొదలుపెట్టాడు. ప్రతి ఇటుకకూ మేస్త్రీ కిందికి వంగి లేవడం చూసి, ఇటుకలు చేతికందే ఎత్తులో ఉండేలా పరంజా తయారుచేశాడు. ఒక్కో ఇటుకకు 18 కదలికలు పట్టేది 5కి తగ్గింది. మేస్త్రీని ఎవరూ తొందరపెట్టలేదు, అతని నడుముకు పని తగ్గిందంతే. నాకు ఈ సబ్జెక్టు మీద గౌరవం అందుకే.

ఇది ఫ్యాక్టరీ గోడల మధ్యే ఆగలేదు. ఆస్పత్రి ఓపీకి గంటకు 10 మంది వస్తూ, ఒక్కొక్కరు 2 గంటలు ఉంటే, 10ని 2తో గుణించండి, లోపల సగటున 20 మంది ఉంటారు. 1961లో జాన్ లిటిల్ అనే పరిశోధకుడు రుజువు చేసిన సూత్రమిది. మరి ఇంకో హాలు కట్టాలా? లేక ఆ 2 గంటల్లో రిపోర్టు కోసం ఊరికే కూర్చునే సమయాన్ని తగ్గించాలా? అలాంటివి తేల్చడమే రేపు మీ అమ్మాయి పని.

డేటా సైన్స్ చెడ్డదని అనను. కానీ ఆ బోర్డు తగిలించుకున్న చాలా కోర్సుల మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. టూల్స్ నేర్పి వదిలేస్తారు. డేటా నుంచి అంచనాలు వేసే మోడల్‌ని నడపడం వస్తుంది, దాన్ని ఏ సమస్యకు వాడాలో తెలియదు. నాలుగేళ్లలో ఆ టూలే పాతబడొచ్చు. ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్‌లోనూ స్టాటిస్టిక్స్, ఆప్టిమైజేషన్ (ఉన్నవాటితోనే మేలైన ఫలితం రాబట్టే లెక్క), సిమ్యులేషన్ (పనిని ముందు కంప్యూటర్‌లో నడిపి చూడడం) ఉంటాయి, కాబట్టి అటువైపు వెళ్లాలనుకుంటే దారి మూసుకుపోదు.

ఒక మాట కటువుగానే చెప్తాను. మీరింత రాశారు, అమ్మాయికి ఇది ఎందుకు నచ్చిందో ఒక్క ముక్కా రాయలేదు. అసలు అడిగారా? అడక్కుండానే వద్దనడం తప్పండీ. లెక్కలంటే పడకపోతే మాత్రం నేనూ వద్దనే అంటాను. ఈ రాత్రికి సిలబస్ ముందుపెట్టుకుని తన పక్కన కూర్చోండి. ఆపరేషన్స్ రీసెర్చ్ (నిర్ణయాలను లెక్కలతో తేల్చడం), ఎర్గొనామిక్స్ (పనిని మనిషి ఒంటికి తగ్గట్టు అమర్చడం) ఉన్నాయో లేదో చూసి, అవేమిటో తననే చెప్పమనండి.