పొలమారితే తట్టాల్సింది నెత్తి కాదు, వీపు

మూడేళ్ళ పాపకి చెనక్కాయ గింజ గొంతుకు అడ్డం పడితే కాళ్ళు పట్టుకుని తలకిందులుగా వేలాడదీయొచ్చా అని అడిగారు. వద్దు. చెయ్యి జారితే తల పగులుతుంది.

ముందు దగ్గు చూడండి. గట్టిగా దగ్గుతా, ఏడుస్తా ఉంటే గాలి ఆడతా ఉన్నట్టే. ముందుకు వంచి దగ్గనివ్వండి, నీళ్ళు పట్టొద్దు. శబ్దం ఆగిపోయి, నోరు తెరిచినా ఏడుపు రాక, పెదాలు నీలంగా మారితే అదీ ప్రమాదం. మన ఇళ్ళల్లో సరిగ్గా అప్పుడే ఒకరు "ఎవరో తలుచుకుంటున్నారు" అని నెత్తి తడతారు, ఇంకొకరు అన్నం ముద్ద మింగించమంటారు. ముద్ద పోయేది ఆహారం గొట్టంలోకి, గింజ ఉన్నది గాలిగొట్టంలో! నాలుగైదు నిమిషాలు గాలి అందకపోతే మెదడు దెబ్బతింటుంది. చంద్రగిరి పక్క పల్లెకే కాదు, తిరుపతి నడిబొడ్డుకైనా 108 అంతలోపల రావడం కష్టం. ఒకరు ఫోన్ చేస్తా ఉంటే ఇంకొకరు పని మొదలుపెట్టాలి.

పాప వెనక మోకాళ్ళ మీద కూర్చుని, ముందుకు వంచి, రెండు రెక్కల ఎముకల మధ్య అరచేతి మొదలుతో 5 దెబ్బలు గట్టిగా వేయండి. రాకపోతే వెనక నుంచే చేతులు చుట్టి, బొడ్డుకి కాస్త పైన పిడికిలి పెట్టి, రెండో చెయ్యి దానిమీద వేసి, లోపలికీ పైకీ 5 సార్లు గుంజండి. గింజ బయటపడేదాకా 5, 5 మార్చి మార్చి చేయాలి. పిడికిలి పక్కటెముకల మీదికి పోతే ఎముక విరగొచ్చు, కాలేయానికి దెబ్బ తగలొచ్చు. ఏడాది లోపు బిడ్డకి పొట్ట అసలు నొక్కకూడదు: తల కిందికుండేలా ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి వీపున 5 దెబ్బలు, వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మీద 5 నొక్కులు. గర్భిణికి కూడా పొట్ట కాదు, రొమ్ము ఎముక మీదే నొక్కాలి.

స్పృహ తప్పితే నేలమీద పడుకోబెట్టి సీపీఆర్: రొమ్ము ఎముక మీద 30 నొక్కులు, నోటితో 2 ఊపిరులు ఊదాలి. ఊపిరి ఇచ్చే ముందు ప్రతిసారీ నోట్లో చూడండి, గింజ కనపడితేనే తీయండి. కనపడకుండా వేలు పెట్టి కెలికితే ఇంకా లోపలికి పోతుంది.

అసలు ఐదేళ్ళ లోపు పిల్లల చేతికి చెనక్కాయ గింజలు ఎందుకివ్వాలి? నూరి పెట్టండి. తిరుమల లడ్డూ పెట్టినా జీడిపప్పు, కలకండ పలుకులు ఏరేసి పెట్టండి.

గింజ బయటపడినా, పొట్ట గుంజి ఉంటే డాక్టరుకి చూపించాలి. బయటపడకుండానే పాప తేరుకుందంటే మాత్రం అనుమానించండి. గింజ ఊపిరితిత్తి గొట్టంలోకి దిగి ఉండొచ్చు. చెనక్కాయ గింజ ఎక్స్‌రేలో కనపడదు, నూనెకి చుట్టూ వాపొస్తుంది. దగ్గు, పిల్లికూతలు తగ్గకపోతే, ఎక్స్‌రే బాగుందన్నా సరే, బ్రాంకోస్కోపీ (గాలిగొట్టంలోకి కెమెరా గొట్టం పంపి చూడటం) అవసరమేమో గట్టిగా అడగండి.