ఐటీ సర్టిఫికేషన్ రాయాలంటే డబ్బు కట్టి కోర్సు చేయాల్సిందేనా?

చాలావాటికి అక్కర్లేదు, ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్), అజూర్ (మైక్రోసాఫ్ట్ క్లౌడ్), సీసీఎన్‌ఏ (సిస్కో కంపెనీ నెట్‌వర్కింగ్ సర్టిఫికేషన్) పరీక్షలను ఫీజు కట్టి నేరుగా రాయవచ్చు. పరీక్ష చూసేది మనకు ఏం వచ్చు అన్నదే, ఎక్కడ నేర్చుకున్నామన్నది కాదు. బెంగళూరు మారతహళ్లిలో పీజీ హాస్టల్‌లో ఉండే ఫ్రెషర్ కూడా, సిస్కో ఉచితంగా ఇచ్చే ప్యాకెట్ ట్రేసర్ అనే నెట్‌వర్క్ సిమ్యులేటర్‌లో రౌటర్లు కలుపుతూ, సబ్‌నెట్లు (నెట్‌వర్క్‌లోని చిన్న భాగాలు) కాగితం మీద లెక్కగడుతూ సీసీఎన్‌ఏకి సిద్ధం కావచ్చు. పని వచ్చినవాళ్లపై మళ్లీ క్లాసు ఫీజు రుద్దడం అన్యాయం, అందులోనూ జీతం ఇంకా మొదలుకాని పిల్లల మీద. "కోర్సు సర్టిఫికెట్ లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు" అన్నది అపోహే. కొన్ని మినహాయింపులున్నాయి: సర్టిఫైడ్ స్క్రమ్‌మాస్టర్‌కి (స్క్రమ్ పద్ధతిలో పనిచేసే టీమ్‌కు తోడ్పడేవారి సర్టిఫికేషన్) కోర్సు తప్పనిసరి. పీఎంపీకి (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సర్టిఫికేషన్) మామూలుగా 35 గంటల శిక్షణ చూపించాలి, కానీ అది ఫలానా ఇన్‌స్టిట్యూట్‌లోనే తీసుకోవాలని లేదు.