బ్రేకులు ఇంట్లో మార్చుకోవాలా, షోరూంకి ఇవ్వాలా?

మీ బండి – మా జవాబు

ప్రశ్న: నాది 150 సీసీ బండి, ముందు డిస్క్ బ్రేకు. ప్యాడ్లు అరిగాయని సర్వీసులో చెప్పారు. ఎస్టిమేటులో ప్యాడ్ల ధర, లేబరు కాక ‘బ్రేక్ ఓవర్‌హాల్’ అని ఇంకో పద్దు వేశారు. పానాలు పట్టడం నాకు అలవాటే. ఇంట్లో మార్చుకోవచ్చా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: నిక్షేపంగా మార్చుకోవచ్చు. ప్యాడ్ల పనిలో ఆయిల్ పైపు విప్పే అవసరమే లేదు. కంపెనీ ప్యాడ్ల పెట్టె మీద ఎమ్మార్పీ ఉంటుంది, కాబట్టి మీకు మిగిలేది లేబరు, దాని మీద పడే 18 శాతం జీఎస్టీ. ఆ ఓవర్‌హాల్ అంటే ఏం చేస్తారో అడగండి. ప్యాడ్లను నెట్టే పిస్టన్లు బయటికి తీసి, వాటి చుట్టూ ఉండే రబ్బరు సీళ్లు మారిస్తే ఆ డబ్బు న్యాయమే. ప్యాడ్లు ఊడదీసి గుడ్డతో తుడవడానికైతే ఆ పేరు మరీ ఎక్కువ.

ప్యాడ్లు కొనేటప్పుడు మోడల్ పేరొక్కటే చెప్పకండి. ఒకే బండికి ఏడాది మారితే క్యాలిపర్ (ప్యాడ్లు, పిస్టన్ ఉండే భాగం) మారిపోవచ్చు. పాత ప్యాడ్ చేతిలో పట్టుకెళ్లండి, లేదా ఛాసిస్ నంబరు చెప్పండి.

ముందుగా హ్యాండిల్ మీదున్న బ్రేక్ ఆయిల్ డబ్బా చూడండి. ప్యాడ్ అరిగేకొద్దీ పిస్టన్ ముందుకు జరుగుతుంది, ఆ ఖాళీలోకి ఆయిల్ దిగుతుంది. అందుకే డబ్బాలో మట్టం తగ్గినట్టు కనిపిస్తుంది. అది చూసి ఎవరైనా ఈమధ్య ఆయిల్ నింపి ఉంటే, కొత్త ప్యాడ్లకు చోటివ్వడానికి మీరు పిస్టన్‌ను వెనక్కి నెట్టగానే అదంతా పొంగి ట్యాంకు మీద పడుతుంది. బ్రేక్ ఆయిల్ పడితే రంగు లేచిపోతుంది. డబ్బా చుట్టూ గుడ్డ చుట్టి, మట్టం ఎక్కువగా ఉంటే సిరంజితో కాస్త తీసేయండి. ఎక్కడైనా చుక్క పడితే తుడవడం కాదు, వెంటనే నీళ్లు పోసి కడగాలి.

క్యాలిపర్ ఇంకా ఫోర్కుకు బిగించి ఉండగానే, ప్యాడ్లను పట్టి ఉంచే ప్యాడ్ పిన్నును ఒక చుట్టు వదులు చేసుకోండి. చాలా బళ్లలో దానికి 5 మి.మీ. అలెన్ కీ పడుతుంది. క్యాలిపర్ ఊడదీశాక చేతిలో పట్టుకుని ఆ పిన్నుతో కుస్తీ పడితే అలెన్ తల అరిగిపోతుంది. తర్వాత రెండు క్యాలిపర్ బోల్టులు తీయండి. క్యాలిపర్‌ను పైపు మీద వేలాడనివ్వకుండా తీగతో ఫోర్కుకు కట్టండి.

పాత ప్యాడ్లు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ సమానంగా అరిగితే మంచిదే. ఒకటి బాగా అరిగి రెండోది దిట్టంగా ఉంటే, క్యాలిపర్ జారాల్సిన స్లైడ్ పిన్నులు బిగుసుకున్నట్టు. అది సరిచేయకుండా కొత్తవి వేస్తే ఆ జతకూ అదే గతి. పిన్నులు లాగి, పాత గ్రీజు తుడిచి, బ్రేకులకు వాడే సిలికాన్ గ్రీజు పల్చగా రాయండి. చైనుకో బేరింగులకో వాడే మామూలు గ్రీజు తగిలితే రబ్బరు బూట్లు ఉబ్బిపోతాయి.

తొందరలో చాలామంది చెడగొట్టేది పిస్టన్ దగ్గరే. దాని చుట్టూ చదరపు అంచున్న రబ్బరు సీలు ఉంటుంది. లీవరు నొక్కినప్పుడు అది పిస్టన్‌తోపాటు కాస్త మెలితిరుగుతుంది. వదలగానే మళ్లీ తన ఆకారానికి వస్తూ పిస్టన్‌ను వెనక్కి లాగుతుంది. డిస్కుకూ ప్యాడుకూ మధ్య ఉండే వెంట్రుకవాసి సందు దాని చలవే. బయటికి వచ్చి ఉన్న పిస్టన్ అంచు నిండా నల్లటి బ్రేకు పొడి, బురద పేరుకుని ఉంటాయి. అలాగే లోపలికి నెట్టారో, ఆ మురికి సీలును గీస్తుంది. ఆపైన చక్రం పట్టేసినట్టు తిరుగుతుంది, లేదా ఆయిల్ కారుతుంది. కాబట్టి ముందు పాత టూత్‌బ్రష్షు, సబ్బునీళ్లతో గానీ బ్రేక్ క్లీనర్‌తో గానీ శుభ్రం చేసి, ఆరాక, పాత ప్యాడ్ అడ్డం పెట్టి బొటనవేళ్లతో మెల్లగా నెట్టండి. పెట్రోలు, డీజిలు వద్దు, రబ్బరు పాడవుతుంది. ప్యాడ్లు బయట ఉన్నంతసేపూ లీవరు జోలికి ఎవరినీ పోనివ్వకండి. పిల్లాడు సరదాకి నొక్కినా పిస్టన్ ఊడి చేతిలోకి రావచ్చు.

కొత్త ప్యాడ్ల ముఖం మీద వేళ్లు పెట్టకుండా బిగించండి. స్ప్రింగు రేకు మరిచిపోతే గలగలమంటుంది. బోల్టులు ఎంత బిగించాలో మాన్యువల్ చూడండి, 8 మి.మీ. మందం బోల్టుకు సాధారణంగా 25–30 న్యూటన్ మీటర్లు. డిస్కు మీద కనీస మందం చెక్కి ఉంటుంది. అంతకన్నా పల్చబడితే ప్యాడ్లతో పని జరగదు, డిస్కూ మార్చాలి. బండి కదిలించేముందు లీవరు గట్టిపడేదాకా పదిహేను ఇరవైసార్లు నొక్కండి. ఇది మరిచిపోయి గేటు దాటితే మొదటి మలుపులో బ్రేకు ఉండదు. తర్వాత ఖాళీ రోడ్డు మీద 40 కి.మీ. వేగం నుంచి 10కి మెల్లగా తగ్గిస్తూ ఎనిమిది పదిసార్లు పట్టండి. మొదటి 200 కి.మీ. బ్రేకు గట్టిగా పట్టే అవసరం రాకుండా నడపండి.

ప్రశ్న: ప్యాడ్లు నేనే మార్చాను. ఎన్నిసార్లు నొక్కినా లీవరు మెత్తగానే ఉంటోంది. ఎందుకు?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: రెండు రకాలుగా పరీక్షించండి. గబగబా నాలుగైదుసార్లు నొక్కితే గట్టిపడి, కాసేపాగితే మళ్లీ మెత్తబడుతోందా? పైపులో గాలి ఉంది. అలా కాకుండా, గట్టిగా నొక్కి పట్టుకుంటే లీవరు మెల్లమెల్లగా హ్యాండిల్ వైపు దిగిపోతోందా? బయట ఎక్కడా చుక్క కారకపోతే లీవరు దగ్గర ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు కప్పులు పోయాయి. అది మీరు చేయదగ్గ పని కాదు, బండి నడపకుండా మెకానిక్‌ను పిలిపించండి.

గాలి అయితే క్యాలిపర్ మీదున్న, గాలి తీసే నిపిల్‌కు పారదర్శక గొట్టం తొడిగి, రెండో చివర కాస్త ఆయిల్ పోసిన సీసాలో ముంచండి. లీవరు నొక్కి పట్టుకుని నిపిల్ పావు చుట్టు వదలాలి, బుడగలు రాగానే బిగించాలి, బిగించాకే లీవరు వదలాలి. ఈ వరస తప్పితే గాలి మళ్లీ లోపలికే పోతుంది. డబ్బాలో ఆయిల్ అడుగంటకుండా పోస్తూ ఉండండి.

ఆయిల్ డబ్బా మూత మీద రాసిన రకమే వాడాలి. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు, తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కి దిగుతుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేకు ఉన్నట్టుండి మాయమయ్యేది దీనివల్లే. రెండేళ్లకోసారి మార్చండి. మూత తీసి అటక మీద పెట్టిన పాత సీసా పారేయండి. సిలికాన్ రకమైన డాట్ 5ను మాత్రం డాట్ 4లో కలపకూడదు.

ప్రశ్న: 2015 స్ప్లెండర్. వెనక డ్రమ్ము షూలు మార్చాలి. చక్రం విప్పితే చైను సెట్టింగు పోతుందంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: యాక్సిల్ (చక్రం ఇరుసు) లాగేటప్పుడు చైను వైపున్న పెద్ద స్లీవ్ నట్టును ముట్టుకోకపోతే చైను, స్ప్రాకెట్ వాటి చోట అవే ఉండిపోతాయి. చక్రం ఒక్కటే పక్కకు జరిగి బయటికి వస్తుంది. ముందు బ్రేకు రాడ్ నట్టు, తర్వాత బ్రేకు ప్లేటును ఫ్రేముకు పట్టి ఉంచే టార్క్ ఆర్మ్ బోల్టు తీయండి. ఈ బోల్టును, దాని స్ప్లిట్ పిన్నును తిరిగి బిగించడం మరిచిపోతే మొదటిసారి బ్రేకు తొక్కగానే ప్లేటు గిర్రున తిరిగి చక్రం పట్టేస్తుంది. కాబట్టి కొత్త స్ప్లిట్ పిన్నే వేయండి.

షూలను స్ప్రింగులతోసహా రెక్కలు ముడిచిన సీతాకోకచిలుకలా ‘వి’ ఆకారంలో పట్టుకుని, చివరలు షూలను విడదీసే క్యామ్ మీదా, ఎదురుగా ఉన్న పిన్ను మీదా ఆనించి, రెండు పక్కలా నొక్కితే కూర్చుంటాయి. స్క్రూడ్రైవర్‌తో స్ప్రింగు లాగితే కంటికి ప్రమాదం. క్యామ్‌కు గ్రీజు ఒక్క చుక్క చాలు, ఎక్కువైతే వేడికి కరిగి లైనింగు మీదికి పాకుతుంది. డ్రమ్ములో పొడిని నోటితో ఊదకండి, తడిగుడ్డతో తుడవండి. నాసిరకం లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. డ్రమ్ము లోపలి గరిష్ఠ కొలత దాని మీదే ఉంటుంది. అది దాటితే కొత్త షూలు వేసినా సగం ముఖమే తగులుతుంది.

చక్రం ఎక్కించాక పెడల్ ఆట (బ్రేకు పట్టేముందు పెడల్ ఖాళీగా కదిలే దూరం) 20–30 మి.మీ. ఉండేలా నట్టు తిప్పండి. యాక్సిల్ నట్టు పూర్తిగా బిగించేముందు పెడల్ తొక్కి పట్టుకోండి, షూలు డ్రమ్ము మధ్యకు సర్దుకుంటాయి. చివరగా బ్రేకు లైటు ఎప్పుడు వెలుగుతోందో చూసుకోండి.

ప్రశ్న: స్కూటరుకూ, ఏబీఎస్ బండికీ ఇదే పద్ధతా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త బళ్లలో 125 సీసీ దాకా కనీసం సీబీఎస్, ఆపై వాటికి గట్టిగా బ్రేకు పట్టినా చక్రం జామవకుండా చూసే ఏబీఎస్ తప్పనిసరి అయ్యాయి. సీబీఎస్‌లో ఒక లీవరు లేదా పెడల్ రెండు చక్రాలనూ పట్టిస్తుంది. వెనక నట్టు ఒక్కటే బిగిస్తూ పోతే ఆ పంపకం చెడుతుంది. షూలు మీరు మార్చినా సర్దుబాటు మాన్యువల్ చూసే చేయండి. ఏబీఎస్ బండికి ప్యాడ్లు ఇంట్లో మార్చుకోవచ్చు, చక్రం పక్కన గళ్లగళ్లుగా ఉండే సెన్సార్ రింగు వంగకుండా చూసుకోండి. ఏబీఎస్ యూనిట్‌లోకి గాలి చేరితే మాత్రం కంపెనీ కంప్యూటర్ ఉన్న షోరూంకే తీసుకెళ్లండి.